మిషను యాత్ర ముగిశాక: ఆతిథ్యమిచ్చిన సంఘం వైపు నుంచి ఒక సమీక్ష

వేసవి వచ్చిందంటే అమెరికా సంఘాల్లో మిషను యాత్రల సందడి మొదలవుతుంది. ఒక సంఘం నుంచి పన్నెండు, పదిహేను మంది బయలుదేరతారు. అందులో సగం కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు సంఘ పెద్దలు, వీలైతే ఒక నర్సు. హోండురాస్‌కో, గ్వాటెమాలాకో, కెన్యాకో, ఫిలిప్పీన్స్‌కో వెళ్లి వారం పది రోజులు ఉండి వస్తారు. ఇల్లు కడతారు, పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) నడుపుతారు, వైద్య శిబిరం పెడతారు, సాయంత్రం కూటాల్లో సాక్ష్యాలు చెబుతారు. ఇలా ఏటా దేశం దాటి వెళ్లివచ్చే అమెరికా సంఘ సభ్యులు సుమారు 16 లక్షల మంది ఉంటారని సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో 2000ల దశకంలో ఒక సర్వే ఆధారంగా అంచనా కట్టారు. విదేశాల్లో స్థిరపడిన తెలుగు విశ్వాసులు కూడా సెలవులకు వచ్చేటప్పుడు ఇలాగే బృందంగా ఏర్పడి సొంత జిల్లాల్లో పరిచర్య చేసి వెళ్తుంటారు.

ప్రయాణానికి ముందు నెలల తరబడి తయారీ ఉంటుంది. నిధుల సేకరణ, టీకాలు, పాటల సాధన, ప్రార్థన కూటాలు అన్నీ జరుగుతాయి. తిరిగొచ్చాక మాత్రం ఒక ఆదివారం ఆరాధనలో ముగ్గురు సాక్ష్యం చెబుతారు, వీడియో వేస్తారు, చప్పట్లు కొడతారు, అంతటితో సరి. యాత్ర మొత్తంలో బలహీనమైన భాగం ఇదే. ఆ ఆదివారం బృందానికి ఏం జరిగిందో తెలుస్తుంది గానీ, ఆతిథ్యమిచ్చిన సంఘానికి ఏం జరిగిందో తెలియదు. యాత్ర ఫలించిందా లేదా అన్న తీర్పు రెండో సంగతి తెలిస్తే తప్ప ఇవ్వలేం.

హోండురాస్ ఇళ్ల లెక్క

1998 అక్టోబరు చివర్లో మిచ్ తుపాను హోండురాస్‌ను అతలాకుతలం చేసింది. కొండవాలుల మీది బస్తీలు బురదలో జారిపోయాయి, వేల కుటుంబాలు గూడు కోల్పోయాయి. ఆ తర్వాత ఉత్తర అమెరికా సంఘాల బృందాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఇళ్లు కట్టాయి. హోండురాస్‌లోనే ఉంటూ పనిచేసే సమాజ శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ ఆ బృందాల సభ్యులు 127 మందిని ప్రశ్నించారు, ఇళ్లు అందుకున్న కుటుంబాలతోనూ మాట్లాడించారు. 2006లో ఫలితాలు ప్రచురించారు. ఈ అంశం మీద మాట్లాడేవారు ఇప్పటికీ ముందుగా తలచుకునే అధ్యయనం అదే.

బృందం వచ్చి కట్టిన ఇంటికి ప్రయాణ ఖర్చులతో కలిపి సుమారు 30,000 డాలర్లు అయ్యాయి. అలాంటి ఇంటినే స్థానిక క్రైస్తవ సంస్థ అక్కడి మేస్త్రీలతో కట్టిస్తే 2,000 డాలర్లు సరిపోయాయి. పోనీ, విదేశీయులు స్వయంగా వచ్చి కట్టిన ఇంట్లో ఉంటున్న కుటుంబాల జీవితంలోనో విశ్వాసంలోనో ఎక్కువ మార్పు కనిపించిందా అంటే అదీ లేదు. ఎవరు కట్టారన్నదాన్ని బట్టి తేడా రాలేదు. వచ్చిన సోదరులంటే వాళ్లకు అభిమానమే. అయినా అంత డబ్బు ఉంటే ఇంకొన్ని ఇళ్లు లేచేవి కదా అన్న మాట కూడా వాళ్ల నోటి నుంచే వచ్చింది. ఇక వెళ్లొచ్చినవారిలో చాలామంది ఆ యాత్ర తర్వాత తమ ప్రార్థన, కానుకలు పెరిగాయని రాశారు. పంపిన సంస్థ పుస్తకాల్లో కానుకలు సరిచూస్తే ఆ మాటకు తగ్గ పెరుగుదల కనబడలేదు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. మనసులో కలిగిన తపనను జరిగిపోయిన పనిగా గుర్తుంచుకోవడం మనుషులకు సహజమే.

30,000 డాలర్లు ఎక్కడికి పోతాయో ఒక మామూలు బడ్జెట్ వేసి చూస్తే తెలుస్తుంది. ఉదాహరణకు మనిషికి 2,500 డాలర్ల చొప్పున పన్నెండు మంది అనుకుందాం. విమాన టికెట్టు 1,100, బస, భోజనం 450, స్థానిక వాహనాలు 200, బీమా, టీకాలు 250, శిక్షణ, టీషర్టులు వగైరా 100. మిగిలిన 400 అక్కడి పనికి. పన్నెండు మందివీ కలిపితే 4,800 డాలర్లు, అంటే నూటికి 16 వంతులు. ఈ ఒక్క అంకెను ప్రతి బృందమూ తన లెక్కల్లోంచి తీసి సంఘం ముందు పెట్టాలి. చాలా నివేదికల్లో మొత్తం సేకరించిన సొమ్ము కనిపిస్తుంది గానీ ఈ వంతు కనిపించదు.

దీనికి యాత్రల పక్షాన నిలబడేవారు చెప్పే జవాబు తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. టికెట్ల డబ్బు హోండురాస్ మేస్త్రీల కోసం అడిగితే వచ్చేది కాదు, తమ ఇంటి పిల్ల వెళ్తోందని మేనమామ ఇచ్చాడు, పక్కింటివాళ్లు ఇచ్చారు అంటారు. నిజమే. కానీ ఆ వాదన ఒప్పుకుంటే ఇంకో బాధ్యత నెత్తిన పడుతుంది. డబ్బు ఖర్చయింది ఇంటి కోసం కాదు, వెళ్లిన మనిషి మారడం కోసం అని ఒప్పుకున్నట్టే. అప్పుడు ఆ మార్పు వచ్చిందా లేదా అని ఏడాది తర్వాత చూసి చెప్పాల్సింది పంపిన సంఘమే. హోండురాస్ అధ్యయనంలో సరిచూసిన కానుకల లెక్కలు చెప్పింది, ఆ మార్పు దానంతటది రాదని.

ఆతిథ్యం వెనక ఖర్చు

బృందం పది రోజులు ఉంటే స్థానిక కాపరికి కనీసం నెల రోజుల పని. వాహనాలు మాట్లాడాలి, ఆహ్వాన లేఖలు రాయాలి, అవసరమైన చోట పోలీసులకు సమాచారం ఇవ్వాలి, సీసా నీళ్లు, కారం లేని వంట, పడుకోవడానికి మంచాలు, జనరేటరు చూడాలి. సంఘంలోని స్త్రీలు కూలి మానుకుని వంటకు వస్తారు. తెలుగు ఊళ్లలో అయితే ఫ్లెక్సీలు, పూలదండలు, శాలువాలు, షామియానా, సౌండ్ సిస్టం తప్పనిసరి. ఆ పది రోజులూ గృహ దర్శనాలు ఆగిపోతాయి, ఆసుపత్రిలో ఉన్న సంఘ సభ్యుణ్ణి చూసి రావడం వాయిదా పడుతుంది. ఇవేవీ బృందం లెక్కల్లోకి ఎక్కవు.

పైగా వాటి గురించి ఎవరూ నోరు విప్పరు. ఇంటికొచ్చిన అతిథిని తప్పుపట్టే అలవాటు మన దగ్గర లేదు, హోండురాస్‌లోనూ లేదు, కెన్యాలోనూ లేదు. బృంద నాయకుడు చివరి రోజు "ఎలా జరిగిందండీ పాస్టరు గారూ" అని అడిగితే "దేవుడు గొప్ప కార్యాలు చేశాడు బ్రదర్, మళ్లీ రావాలి" అనే జవాబు వస్తుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, సమాచారం మాత్రం లేదు. వచ్చే ఏడు కూడా సాయం అందాలంటే ఇంకోలా జవాబు చెప్పే స్వేచ్ఛ ఆ కాపరికి ఎక్కడిది?

"వాళ్లకేమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో" అనేది తిరిగొచ్చినవారి సాక్ష్యాల్లో తరచుగా వినబడే మాట. విన్నవారి కళ్లు చెమర్చేదీ అదే. కానీ అతిథుల ముందు నవ్వు ముఖంతో ఉండటం మర్యాద. వాళ్లు వెళ్లిపోయాక అదే ఇంట్లో వడ్డీవ్యాపారి గొడవ ఉంటుంది, జ్వరం వచ్చిన పిల్ల ఉంటుంది. ఆ మాట మళ్లీ మళ్లీ అంటుంటే పేదరికం ఒక వరంలా కనబడటం మొదలవుతుంది, దాన్ని తగ్గించాల్సిన బాధ్యత మెల్లగా జారిపోతుంది. సాక్ష్యం చెప్పేవారికి ముందే ఒక సూచన ఇస్తే మంచిది: మీరు కలిసిన ఒక మనిషి పేరు, ఆమె చేసే పని, ఆమె మీతో చెప్పుకున్న ఒక ఇబ్బంది, ఒక ఆశ చెప్పండి. అవేవీ తెలియకపోతే ఆమె సంతోషంగా ఉందని కూడా చెప్పకండి.

వాక్య పరిచర్య, తర్జుమా, చేతులెత్తిన లెక్కలు

తర్జుమాతో చెప్పే అరగంట ప్రసంగంలో అసలు సరుకు పదిహేను నిమిషాలే. ఇది తెలియని ప్రసంగీకుడు ఇంట్లో చెప్పే ప్రసంగమే తెచ్చుకుంటాడు, సమయం చాలక చివర్లో పరుగెత్తుతాడు. ఊపిరి తిప్పుకోకుండా నాలుగు వాక్యాలు చెప్పేస్తే తర్జుమా చేసే సోదరుడికి మూడే గుర్తుంటాయి. బేస్‌బాల్ ఉపమానం వస్తే అతను పక్కన పెట్టి తనకు తోచిన మాట చెబుతాడు. ఆంధ్రలో సభలకు తర్జుమా చేసి రాటుదేలిన కాపరులు కొందరు మూల ప్రసంగం కంటే బాగా చెబుతారు. అక్కడ విన్నవారికి అందింది స్థానిక కాపరి ప్రసంగమే. దీన్ని గుర్తించి గౌరవించాలి. పద్ధతి కష్టమేమీ కాదు. ప్రసంగం సారం, వాక్య భాగాల జాబితా రెండు రోజుల ముందే తర్జుమా చేసేవారి చేతికివ్వాలి, ఒక్కసారి ఎనిమిది పది మాటలకు మించి చెప్పకూడదు, జోకులు మానుకోవాలి, వాక్య భాగం స్థానిక బైబిల్లోంచి వాళ్లే చదవాలి.

తర్వాత వచ్చేది అంకెల సమస్య. "మూడు రోజుల్లో ఇంతమంది ప్రభువును అంగీకరించారు" అని నివేదికలో రాస్తారు. చేతులెత్తినవారిలో ఇప్పటికే సంఘంలో ఉన్నవాళ్లు, ప్రార్థన కోరుకున్నవాళ్లు, తెల్లవారిని దగ్గరగా చూద్దామని ముందుకొచ్చిన పిల్లలు, పిలిచినప్పుడు లేవకపోతే అమర్యాద అనుకున్నవాళ్లు అందరూ ఉంటారు. పోయినేడు వచ్చిన బృందానికి చేతులెత్తినవారే ఈ ఏడూ ఎత్తి ఉండొచ్చు. సరైన లెక్క ఒకటే. పేర్లు స్థానిక కాపరి దగ్గర ఉండాలి. మూడు నెలల తర్వాత బాప్తిస్మ తరగతికి ఎంతమంది వస్తున్నారో ఆయన చెప్పాలి. ఆ అంకె చిన్నదే అయినా నివేదికలోకి ఎక్కాల్సింది అదే.

దుస్తులో బియ్యమో పంచి, అదే వేదిక మీద ప్రభువును అంగీకరించే నిర్ణయానికి పిలిస్తే ఆ అంకె ఇంకా చెడిపోతుంది. ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి ఏ బృందానికైనా చెప్పదగింది. 1876-78 ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి ఊరికే పంచకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం కోసం జనం గుమిగూడుతున్నా, కరువు సాయం సాగినంత కాలం ఇవ్వనన్నాడు. సాయం ఆగిపోయాక, ఇక చేతికి దొరికేది ఏమీ లేనప్పుడు కూడా వచ్చినవారినే తీసుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య గురించి చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు, సామాజిక కారణాలు వెతుకుతారు. అయినా సాయానికీ బాప్తిస్మానికీ మధ్య కావాలని దూరం పెట్టిన ఆ నిర్ణయం నేటి వారం రోజుల యాత్రలకు ఇప్పటికీ ఒక కొలమానం.

వైద్య శిబిరాలు

మంచి మనసుతో వెళ్లి హాని చేసి రావడం తేలికగా జరిగేది వైద్య శిబిరాల్లోనే. లెక్క చూడండి. ముగ్గురు డాక్టర్లు ఆరు గంటలు కూర్చుని 200 మందిని చూస్తే ఒక్కొక్కరికి ఐదున్నర నిమిషాలు కూడా రావు. తర్జుమాకు సగం పోతే మిగిలేది మూడు నిమిషాల లోపే. ఆ మూడు నిమిషాల్లో బీపీ ఎక్కువగా ఉందని తేలిన యాభై ఏళ్ల మనిషికి ముప్పై ఆమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చి పంపుతారు. ముప్పై ఒకటో రోజు మాత్రలు ఉండవు, డాక్టరు ఉండడు. బీపీ మళ్లీ పెరుగుతుంది. ఆ మనిషికి మాత్రం వైద్యం అయిపోయిందన్న భ్రమ మిగులుతుంది. షుగరు ఉన్నవారికి మెట్‌ఫార్మిన్ ఇచ్చినా ఇదే కథ. జలుబుకు యాంటీబయాటిక్ ఇచ్చేస్తే, రేపు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త అక్కర్లేదన్నప్పుడు "అమెరికా డాక్టరు ఇచ్చాడు, నీకేం తెలుసు" అంటారు. ఏడాది పొడవునా అక్కడ ఉండే మనిషి మాట విలువ తగ్గిపోతుంది. మందులు పాడుచేసిన దానికంటే ఈ నష్టం పెద్దది.

నులిపురుగుల మాత్రలు తీసుకెళ్లే బృందాలు ముందు అక్కడి బడిని అడగాలి. భారతదేశంతో సహా చాలా దేశాల్లో ప్రభుత్వమే బడుల్లో ఆల్బెండజోల్ వేయిస్తోంది. మందులు విరాళంగా ఇచ్చేటప్పుడు అవి ఆ దేశం చేరే నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నమూనా మందులు, సగం వాడిన సీసాలు సంచుల్లో వేసుకెళ్లే అలవాటు ఇంకా పోలేదు. అవి వాడకుండానే పారేయాల్సి వస్తుంది, ఆ పారేసే పనీ స్థానిక క్లినిక్కు మీదే పడుతుంది.

సక్రమంగా నడిచే శిబిరం ఇంకోలా ఉంటుంది. స్థానిక క్లినిక్కు పిలిస్తేనే వెళ్తారు, అక్కడి డాక్టరు కిందే పనిచేస్తారు, ఆ దేశంలో వైద్యం చేసే అనుమతి ముందే తీసుకుంటారు. మందులు ఆ దేశంలోనే, క్లినిక్కు రోజూ వాడే జాబితాలోంచే కొంటారు. ప్రతి రోగి చీటీ రెండు ప్రతులు రాసి ఒకటి క్లినిక్కులో ఉంచుతారు. ఆపరేషను అవసరమైనవారిని ఎక్కడికి పంపాలి, ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోగిని చూడకముందే తేల్చుకుంటారు. అన్నిటికంటే మేలు, ఒక్క రాకతో పూర్తయ్యే పనులు ఎంచుకోవడం. నలభై దాటినవారికి చదువుకోవడానికి +1.00 నుంచి +3.00 దాకా కళ్లద్దాలు, పుచ్చిపోయిన పన్ను తీయడం, కంటిశుక్లం ఉన్నవారిని గుర్తించి దగ్గర్లోని కంటి ఆసుపత్రికి అప్పగించడం. కళ్లద్దాలు పెట్టుకున్న దర్జీ ఆ సాయంత్రమే సూదిలో దారం ఎక్కిస్తుంది, బృందం వెళ్లిపోయాక కూడా ఆ పని ఆగదు.

పిల్లల గృహాలు

ఈ విషయంలో రాజీ పడకూడదు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. మూడు వారాలు తిరక్కముందే అమెరికా బాప్టిస్టు బృందానికి చెందిన పదిమంది 33 మంది పిల్లల్ని బస్సులో డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటించబోతూ అరెస్టయ్యారు. సరైన కాగితాలు లేవు. అనాథలన్న ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తర్వాత తేలింది. పిల్లలకు చదువు, భోజనం దొరుకుతాయన్న మాట నమ్మి కన్నవాళ్లే అప్పగించారు.

అది విపరీతమైన ఉదాహరణే గానీ, దాని వెనకున్న కారణం మామూలు యాత్రల్లోనూ పనిచేస్తుంది. విదేశీ బృందాలు అనాథాశ్రమాలు చూడాలని కోరితే చూపించడానికి ఆశ్రమాలు పుడతాయి, వాటిని నింపడానికి పేద కుటుంబాల పిల్లలు వస్తారు. కంబోడియాలో ఇలాంటి గృహాల్లోని పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో ఉన్నారని బయటపడింది. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో ఆధునిక బానిసత్వం మీద జరిపిన విచారణలో ఈ వ్యవహారాన్ని పిల్లల అక్రమ రవాణాగా గుర్తించింది. వారానికొక కొత్త అక్క వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేసి వెళ్లిపోతే ఆ పిల్లలకు తగిలే దెబ్బ ఫొటోల్లో కనబడదు. మన దేశంలో పిల్లల్ని ఉంచే ఏ గృహమైనా 2015 బాల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ పత్రం అడగకుండా లోపలికి వెళ్లడం కూడా తప్పే. కుటుంబాల దగ్గరే పిల్లలు ఉండేలా బడి ఫీజులు కట్టే స్థానిక సంఘం ఉంటే ఆ సాయమే మేలు.

వీసా, డబ్బు

భారతదేశానికి వచ్చే బృందాలు ఇక్కడే ఎక్కువగా తప్పటడుగు వేస్తాయి. టూరిస్టు వీసా మీద వచ్చినవారు చర్చికి వెళ్లవచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు, ప్రసంగం వినవచ్చు. ప్రసంగించకూడదు, కరపత్రాలు పంచకూడదు, మత ప్రచారం చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్న మన తెలుగువారికి ఇది వర్తించదనుకుంటారు. వర్తిస్తుంది. 2021 మార్చిలో వచ్చిన కేంద్ర ప్రకటన ప్రకారం మిషనరీ పనికి ఓసీఐ కార్డుదారులు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పట్టుబడితే వచ్చినవారు తిరుగు విమానం ఎక్కుతారు. స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మాత్రం స్థానిక కాపరి.

వెళ్లేముందు కాపరి జేబులో డాలర్ల కవరు పెట్టడం మరో తప్పు. మతపరమైన పని చేసే వ్యక్తిగానీ సంస్థగానీ విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. అన్నదమ్ములిద్దరూ ఒకే బృందంలో వచ్చి ఇద్దరూ చెరో కవరు ఇస్తే ఒకరిది చట్టబద్ధం, ఇంకొకరిది నేరం కావచ్చు.

సమీక్ష ఎలా జరగాలి

పౌలు, బర్నబా మొదటి యాత్ర ముగించి అంతియొకయకు వచ్చాక సంఘాన్ని సమకూర్చి దేవుడు చేసిన కార్యాలు వివరించారు. అపొస్తలుల కార్యములు 14:27లో ఉన్న ఈ మాటే సాక్ష్యాల ఆదివారానికి ఆధారం. కానీ కథ అక్కడ ఆగదు. 15:36లో పౌలు, వాక్యం ప్రకటించిన ప్రతి పట్టణంలో సహోదరులు ఎలా ఉన్నారో వెళ్లి చూద్దామంటాడు. నివేదిక చెప్పినవాడే తిరిగి వెళ్లి చూడాలనుకున్నాడు. మన సంఘాలు మొదటి వచనాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి.

మొదటి సమీక్ష అక్కడే, బయలుదేరే ముందు రోజు జరగాలి. షాపింగుకు కేటాయించే సగం పూట దీనికివ్వాలి. బృంద సభ్యులు ఏం చూశారో, దేనికి కోపం వచ్చిందో, ఎక్కడ సిగ్గుపడ్డారో మనసులో తాజాగా ఉండగానే రాసుకోవాలి. ఇల్లు చేరాక జ్ఞాపకం వీడియోలోని దృశ్యాలకు సర్దుకుపోతుంది. రెండోది తిరిగొచ్చిన రెండు వారాల్లో. పందొమ్మిదేళ్ల పిల్లలకు ఈ సమయం కష్టంగా ఉంటుంది. సొంతింటి ఫ్రిజ్ తెరిస్తే కోపం వస్తుంది, అమ్మానాన్నల ఖర్చులు చూస్తే చిరాకు, చెబితే ఎవరికీ అర్థం కాదు. ఒక పెద్ద తోడుండి వింటే ఆ కోపం ఒక క్రమమైన పనిగా మారుతుంది. నెలకు ఇంత కానుక, ఊళ్లోనే వలసవచ్చినవారికి భాష నేర్పడం, ఇలా ఏదో ఒకటి రాతపూర్వకంగా ఒప్పుకుని ఏడాది తర్వాత లెక్క చెప్పాలి.

ఆతిథ్యమిచ్చిన సంఘాన్ని అడగడం మూడు నెలలకు. బృంద నాయకుడు ఫోన్ చేసి అడగకూడదు, ఎందుకో పైన చూశాం. ఆ కాపరి నమ్మే పొరుగు సంఘం పెద్దనో, సాయం డబ్బుతో సంబంధం లేని స్థానిక భాష మనిషినో పంపాలి. వంట చేసిన స్త్రీలను కాపరి లేనప్పుడు విడిగా అడగాలి. "బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు. మా వల్ల మీకు పెరిగిన పని ఏది? మేం రాకపోతే ఈ పని ఎవరు చేసేవారు? మళ్లీ వస్తే ఏది మానేయాలి? మేం ఖర్చుపెట్టిన మొత్తమే మీ చేతికిచ్చి ఉంటే మొదట ఏం చేసేవారు? నాలుగో ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది. అయినా సూటిగా అడగాలి, వచ్చిన జవాబును యథాతథంగా సంఘానికి చదివి వినిపించాలి.

ఫొటోల సంగతి కూడా సమీక్షలోకే వస్తుంది. కొత్తగా విశ్వసించినవారి ముఖాలు, ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెడితే వ్యతిరేకత ఉన్న ప్రాంతాల్లో వాళ్ల మీద దాడికి అదే ఆధారమవుతుంది. మందులు తీసుకుంటున్న రోగి, గుడ్డ లేని పిల్లవాడు మన సంఘ సభ్యుడి బిడ్డయితే ఆ ఫొటో తెర మీద వేస్తామా?

తెలుగు సంఘాలకు ఇంకో పద్ధతి కూడా తెలుసు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపింది. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి మధ్య సంఘాలు కడుతూ 1915లో చనిపోయేవరకు ఆయన ఆ పరిచర్యలోనే ఉన్నాడు. పంపినవారు పేదలు, పంపింది ఒక్క మనిషిని, అతనికి వారి భాష వచ్చు, వెళ్లింది ఉండిపోవడానికి. వారం రోజుల యాత్ర దానికి ప్రత్యామ్నాయం కాలేదు. అలా ఉండిపోయిన స్థానిక పరిచారకుల చేతికి పని అందించేదిగా మాత్రం ఉండగలదు. అలా ఉండాలంటే ఏటా కొత్త దేశం చూడటం మానుకుని ఒకే సంఘంతో మూడు నుంచి ఐదేళ్లు నడవాలి. బృందాన్ని పదిహేను నుంచి నలుగురైదుగురికి తగ్గించి, వాళ్లు అడిగిన నైపుణ్యం ఉన్నవారినే పంపాలి. సండే స్కూల్ టీచర్లకు శిక్షణ కావాలంటే ఆ శిక్షణ ఇవ్వగల ఇద్దరు చాలు.

తేదీలు కూడా వాళ్లే చెప్పాలి. అమెరికా కాలేజీలకు సెలవులని జూన్, జూలైల్లో వెళ్లే బృందానికి హోండురాస్‌లో అది వానాకాలం, సిమెంటు పని సాగదు. ఆంధ్రలో జూన్ మధ్యకల్లా బడులు తెరుచుకుంటాయి, వర్షాలు పడితే నాట్లు మొదలవుతాయి. వీబీఎస్‌కు పిల్లలుండరు, కూటానికి పెద్దలుండరు. ఆ నెలల్లో రావద్దని అక్కడి కాపరి రాస్తే టికెట్లు అప్పటికే కొనేశామనకూడదు. టికెట్లు కొనాల్సింది ఆ ఉత్తరం వచ్చాకే.